గ్యాస్ ఏడికి పోయింది?

ఎండలు ముదిరేసరికి మన దగ్గర ఒక మాట మొదలవుతుంది: “కార్ల ఏసీ గ్యాస్ అయిపోయింది.” ఉప్పు అయిపోయింది, పెట్రోలు అయిపోయింది అన్నంత మామూలుగా అంటాం. పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసే అలవాటు వల్ల నేను క్రియాపదాల దగ్గర కాస్త ఆగుతాను. అయిపోవడమంటే వాడకంలో ఖర్చవడం. ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. బంపర్ వెనకాల ఉండే కండెన్సర్‌లో అది వేడి వదిలేసి ద్రవమవుతుంది. డ్యాష్‌బోర్డు వెనక ఎవాపరేటర్‌లో మళ్ళీ ఆవిరవుతూ మన చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ అలా తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏటా కాస్త ఊరిపోవడం సహజమే గానీ, ఒక్క ఏడాదిలో ఖాళీ అయిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే.

మా కారుకు వరసగా రెండు వేసవులు హైదరాబాద్‌లో గ్యాస్ నింపారు. రెండుసార్లూ పని అరగంటలో అయిపోయింది, గాలి చల్లగా వచ్చింది. లీకు ఎక్కడుందో వెతకడమన్నది ఆ బిల్లులో లేదు. పోయినేడు మే నెలలో మూడోసారి ఏసీ వేడిగాలి కొట్టింది. అప్పుడు నేను కొల్లాపూర్‌లో, మా ఇంట్లో ఉన్నాను. అమ్మకు గుండె జబ్బు. చెకప్ కోసం సుమారు 180 కిలోమీటర్ల దూరం హైదరాబాద్ తీసుకుపోవాలి. ఎండ తగలనివ్వొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అమ్మ మాత్రం “అద్దాలు దించుకుంటే అయిపాయె గద బిడ్డా” అంటుంది. ఆ నెలలో అద్దాలు దించితే లోపలికొచ్చేది పొయ్యి మీది గాలి.

ఊళ్ళో మెకానిక్‌ను “గ్యాస్ అయిపోయిందన్నా, నింపుతవా?” అని అడిగాను. ఆయన బానెట్ ఎత్తి, “గ్యాస్ యాడికి పోతది సార్? అదేమన్న పెట్రోలా, కాలిపోనీకి?” అన్నాడు. నేను ఇన్ని పేరాల్లో చెబుతున్నది ఆయన ఆ ఒక్క ప్రశ్నలో చెప్పేశాడు.

గ్యాస్‌కు రంగు లేదు. చూస్తే కనపడదు. కానీ దాంతోపాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం తిరుగుతుంది. కారిన చోట ఆ నూనె జిడ్డు కడుతుంది, జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది. ఆయన టార్చి పట్టుకుని ముందు ఆ నల్లమరకల కోసమే చూశాడు. తర్వాత గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, ఒక్కో అతుకు మీద సబ్బునురగ రాశాడు. కండెన్సర్‌లోకి గొట్టం దూరే చోట బుడగలు వచ్చాయి, సన్నగా, తీరుబడిగా. విప్పితే లోపల చిటికెనవేలి ఉంగరమంత రబ్బరు ఓ-రింగ్, గట్టిపడి పగిలి ఉంది. కొత్తది వేసి, మళ్ళీ నురగ రాసి చూశాడు. బుడగల్లేవు. వాక్యూమ్ పంపు పెట్టి గాలీ తేమా లాగేశాడు. పంపు ఆపి, గేజిలో ముల్లు కదలకుండా ఉందో లేదో చూస్తూ టీ తాగాడు. ముల్లు నిలబడ్డాకే, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసున్న 450 గ్రాములూ తూకం వేసి ఎక్కించాడు.

సగం రోజు పట్టింది. మేము అక్కడున్నంతసేపట్లోనే ఒక ట్యాక్సీ అతను వచ్చి “లీకు గీకు తర్వాత సూద్దామన్నా, జెర గ్యాస్ గొట్టు” అన్నాడు. మామిడికాయల సీజన్, బండి ఒక పూట ఆగితే ఆ పూట కిరాయి పోయినట్టే. ఆయన్ను తప్పుపట్టలేను. నా ఉద్యోగంలోనూ ఇదే చూస్తాను: ప్రోగ్రామ్‌లో మెమరీ లీకవుతుంటే, కారణం వెతికే తీరిక లేక రోజూ అర్ధరాత్రి సర్వర్ రీస్టార్ట్ చేసే ఏర్పాటు చేస్తారు. అది ఏళ్ళ తరబడి నడుస్తుంది కూడా.

కానీ సర్వర్‌లోంచి కారిన మెమరీ ఆకాశంలోకి పోదు. పాత కార్లలో ఆర్-12 వాడేవారు. అలాంటి వాయువులు ఓజోన్ పొరను తింటాయని మొలీనా, రోలాండ్ 1974లో చెప్పారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటిని మానడం మొదలైంది. బదులుగా వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు. వేడిని పట్టి ఉంచడంలో మాత్రం, వందేళ్ళ లెక్కన, కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1430 రెట్లు. ఇలాంటివి తగ్గించాలని 2016లో కిగాలీలో ఒప్పుకున్నారు. భారత్ 2021లో ఆమోదించింది.

మా కారు లెక్క వేశాను. 450 గ్రాములంటే దాదాపు 640 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే 280 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. లీటరుకు పదిహేను కిలోమీటర్ల చొప్పున కొల్లాపూర్ నుంచి హైదరాబాద్‌కు పదకొండుసార్లు పోయి రావచ్చు. ఆ పొగంతా, కారు ఇంటిముందు కదలకుండా ఉండగానే, ఒక రబ్బరు ఉంగరం పగుల్లోంచి పోయింది. బయట వేడి పెరిగితే లోపల ఏసీ ఇంకా కావాలి. ఏసీ లేని బండ్లలో, మామిడితోటల్లో ఉన్నవాళ్ళకు ఆ వేడే మిగులుతుంది.

ట్యాక్సీ అతనికి సగం రోజు తీరిక ఎవరిస్తారో నా దగ్గర జవాబు లేదు. తీరిక ఉన్న మనం మాత్రం ఒక పని చెయ్యొచ్చు. గ్యాస్ నింపుతానన్నవాణ్ణి రేటు కంటే ముందు అడగాల్సింది, మా కొల్లాపూర్ మెకానిక్ నన్నడిగిందే. ఈ వేసవిలో అమ్మను మూడుసార్లు హైదరాబాద్ తీసుకెళ్ళాను. దారిలో ఆమె రెండుసార్లు శాలువా అడిగింది.