పాట వినాలంటే ముందు సైలెన్సరు

బి.యస్సీ. తృతీయ సంవత్సరం

కారులో పాటల యంత్రం ఎట్లా అమర్చుకోవాలో రాయవలసినవాడు కారు గలవాడు. మా ఇంట్లో ఉన్నది ట్రాక్టరు. అయినా ఈ విషయంలో ట్రాక్టరు గలవాడికే చెప్పే హక్కు ఎక్కువని నా నమ్మకం. కారుకు అద్దాలున్నాయి, తలుపులున్నాయి. మోత చాలావరకు బయటనే ఆగిపోతుంది. ట్రాక్టరు మీద కూర్చున్నవాడికి ముందర ఇంజను, కళ్ళెదుట పొగగొట్టం, వెనుక ట్రాలీ గొలుసుల చప్పుడు. వీటన్నిటి మధ్య ఘంటసాల గొంతో, బాలు గొంతో వినిపించాలంటే కాస్త భౌతికశాస్త్రం రావాలి, కాస్త జేబు లెక్క కూడా రావాలి.

బండిలో పాట వినాలన్న కోరిక నేటిది కాదు. అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ 1930లోనే కారు రేడియో తయారుచేసి దానికి మోటరోలా అని పేరు పెట్టింది. ఆనాటి కారు రేడియోలకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది ఇంజనే. ఇంజనులోని నిప్పురవ్వల విద్యుత్తు రేడియోలోకి దూరి గరగరలాడేది. అంటే పాటకూ ఇంజనుకూ పేచీ మొదటినుంచీ ఉన్నదే!

మా రుద్రూరు నిజాంసాగర్ కాలువ కింది ఊరు. 1937లో మొదలైన బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడేదాకా మా దిక్కు ట్రాక్టర్లకు చెరకు మోసే పని ఉండేది. తూకం కోసం బండ్లు రాత్రంతా వరుసకట్టి నిలబడితే టేపురికార్డరే తోడని బాపు చెబుతుంటాడు. ఇప్పుడు చెరకు తగ్గి వరి పెరిగింది, పని మాత్రం రాత్రిపూట తప్పలేదు. కరిగెట రోజుల్లో నీళ్ళు ఎప్పుడందితే అప్పుడే దున్నాలి. అర్ధరాత్రి రెండు గంటలకు స్టీరింగు మీద కన్ను మూతపడకుండా ఉండాలంటే పాట కావాలి. ఇది విలాసం కాదని ఆ బురదలో ఒక్క రాత్రి గడిపినవాడు ఒప్పుకుంటాడు.

యాసంగి వడ్ల పైసలు రాగానే అన్న, "బండికి మంచి సౌండు పెట్టిద్దాం బాపూ" అన్నాడు. బాపు కాసేపు ఆలోచించి ఆరు వేలు నా చేతిలో పెట్టి, "సైన్సు చదువుతున్నవు గదా, నువ్వే చూసి తే. ఇంతకు మించి రూపాయి ఇయ్య" అన్నాడు. మూడేళ్ళ నా చదువుకు ఇంట్లో జరిగిన మొదటి పరీక్ష ఇదే.

అన్న లెక్క వేరు. ట్రాలీ ముందు పలకకు రెండు పెద్ద బాక్సులు, సీటు కింద ఆంప్లిఫయరు. "ఊరు దాటేటప్పుడు ఊరంతా వినపడాలెరా!" అన్నాడు. నేనడిగిన ప్రశ్న ఒక్కటే: "పాట ఎవరి కోసమే అన్నా, ఊరికా, బాపుకా?" కరిగెట నాడు ట్రాలీ ఇంటి దగ్గరే ఉంటుంది. ట్రాలీతోపాటు పాట కూడా ఇంటి దగ్గరే ఉంటే లాభమేమిటి? ఈ మాటతో అన్న సగం మెత్తబడ్డాడు.

మిగతా సగం వాట్ల దగ్గర తెగింది. నిజామాబాద్‌లో దుకాణానికి పోతే ప్రతి డబ్బా మీదా వాట్లే. డెక్కు మీద 50×4 అని ఉంటుంది. అది నిజమా అన్నది అక్కడే కాగితం మీద తేల్చవచ్చు. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉంటాయి. విడిగా ఆంప్లిఫయరు లేని డెక్కు అంతకు మించి స్పీకరుకు ఇవ్వలేదు. శిఖరం 14 వోల్టులైతే సగటు లెక్కకు దాదాపు 10 వోల్టులు. దాని వర్గం 100, స్పీకరు నిరోధం 4 ఓములు, భాగిస్తే 25 వాట్లు. అదీ నష్టాలేవీ లేవనుకుంటేనే. ఓమ్ సూత్రం దుకాణదారు గోడమీది బోర్డుకు లొంగదు గదా! కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలు వదిలి, పక్కన చిన్న అక్షరాల్లో ఆర్.ఎం.ఎస్. అని ఉన్న అంకె చూడాలి.

సరే, పెద్ద ఆంప్లిఫయరే కొందామనుకోండి. నిజంగా 300 వాట్ల ధ్వని ఇవ్వాలంటే, లోపల సగం వేడిగా పోతుందనుకుంటే, బ్యాటరీ నుంచి 600 వాట్లు లాగాలి. అంటే 42 ఆంపియర్ల పైచిలుకు. మా బండి ఆల్టర్నేటరు మీద రాసి ఉన్నది 36. కరిగెటలో పాట వింటూ దున్ని, తెల్లారి బండి స్టార్టు కాక నలుగురిని పిలిచి తోయించుకోవాల్సి వస్తుంది.

మరి తక్కువ వాట్లతో ఎక్కువ ధ్వని ఎట్లా వస్తుంది? ఇక్కడ రెండు కిటుకులున్నాయి. మొదటిది, స్పీకరు కాగితంలో సెన్సిటివిటీ అనే అంకె. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అది చెబుతుంది. మూడు డెసిబెల్స్ ఎక్కువ ఉన్న స్పీకరుకు సగం శక్తి చాలు. 89 స్పీకరు 40 వాట్లతో చేసే పనిని 92 స్పీకరు 20 వాట్లతోనే చేస్తుంది. రెండోది దూరం. బయలు ప్రదేశంలో దూరం సగమైతే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండు మీటర్ల అవతల ట్రాలీ మీద ఉండే స్పీకరును టాపు కింద తలకు అరమీటరు దూరంలో పెడితే 12 డెసిబెల్స్ లాభం. అంటే పదహారింతల శక్తి, పైసా ఖర్చు లేకుండా! ఇది చెప్పినప్పుడు అన్న మొదటిసారి నావైపు చదువుకున్నవాడిని చూసినట్టు చూశాడు.

స్పీకరుకు పెట్టె కూడా తప్పదు. పెట్టె లేకపోతే స్పీకరు వెనుకనుంచి వచ్చే అల ముందు అలను కొట్టేసి, డోలు దెబ్బ డబ్బా దెబ్బలాగా వినిపిస్తుంది. పల్లెల్లో పాత స్పీకరును మట్టికుండ మూతి మీద బోర్లించేవాళ్ళు ఈ సూత్రం చదవలేదు, కానీ చేసింది సరైన పనే. మా ఊరి వడ్ల ఆయన ప్లైవుడ్‌తో రెండు పెట్టెలు చేసిచ్చాడు.

ఇక అసలు విషయం. బాపుకు రెండోసారి పిలిస్తేగాని వినపడదు. గొంతు వినపడుతుంది, మాట తెలియదు. "ఏమన్నవ్?" అంటాడు. పెద్ద మోత ముందుగా చెడగొట్టేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడిని. స, త, క వంటి హల్లుల స్పష్టత చాలావరకు ఉండేది ఆ పై స్థాయిల్లోనే. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు, 88లో 4, 91లో 2 గంటలు మించకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. క్యాబిను లేని ట్రాక్టరు నడిపేవాడి చెవి దగ్గర మోత 90 దాటడం మామూలే. దాని మీద అంతే మోత గల పాట పెడితే మొత్తం ఇంకో 3 పెరుగుతుంది, భరించదగిన కాలం మళ్ళీ సగమవుతుంది. బాపు నిద్ర ఆపే పాటే బాపు చెవులు తింటుంది.

అందుకని ఆరు వేలలో మొదటి ఖర్చు సైలెన్సరుకు పెట్టాను. పాతది తుప్పుపట్టి పక్కన చిల్లిపడి ఉంది. కొత్తది బిగించి, అదే ఫోను, అదే చోటు, అదే ఇంజను వేగంతో కొలిస్తే 5 డెసిబెల్స్ తగ్గింది. ఫోను కొలత కచ్చితం కాకపోవచ్చు, తేడా చూడటానికి చాలు. మోత 5 తగ్గించడమంటే పాట శక్తిని మూడింతలు చేసినట్టే, అదీ చెవిని కాపాడుతూ.

ఇంకొక మాట: చెవిలో పెట్టుకొనే నురుగు బిరడాలు. అవి ఇంజనునూ పాటనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి పాట పోదు, రెండూ మెల్లగా వినిపిస్తాయి. బాపు మొదట నవ్వాడు. ఇప్పుడు బీడీకట్ట పక్కన అవీ జేబులో ఉంటున్నాయి.

ఖర్చు ఇదీ: సైలెన్సరు 1,250, డెక్కు 1,400, స్పీకర్ల జత 1,850, పెట్టెలు 500, మందపాటి తీగ, ఫ్యూజు, స్విచ్చి 380, బిరడాలు 60. మొత్తం 5,440. ఫ్యూజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అది బ్యాటరీ పక్కనే ఉండాలి. వరిగడ్డి మోసే బండిలో తీగ రాజుకుంటే పోయేది పాట ఒక్కటే కాదు. మిగిలిన 560 రూపాయలు బాపు లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్ళల్లో ట్రాక్టరుంది, దాని మీద పదిహేను, ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్న తండ్రో అన్నో ఉన్నాడు. ఆ బండి సంపాదనతోనే మనకు ఈ కళాశాల ఫీజు, హాస్టలు బువ్వ. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ సైలెన్సరును ఒకసారి చేత్తో తడిమి చూడండి (ఇంజను చల్లారాక!). వాట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.