ముందు ఇరుసు

జీపు అనే వాహనానికి ప్రాణం ఎక్కడ ఉన్నదని అడిగితే చాలామంది ఇంజను వైపు చూపుతారు. ఇంజన్లు లోకంలో అంతకుముందే కావలసినన్ని ఉండేవి. 1940లో అమెరికా సైన్యం 135 సంస్థలకు లేఖలు పంపి, నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి నమూనాను 49 రోజులలో తయారుచేసి ఇవ్వవలసిందని కోరినప్పుడు, అసలు సమస్య ముందు ఇరుసు. ఆ పని తలకెత్తుకున్న బాంటమ్ అనే చిన్న సంస్థ ఇరుసుల కొరకు స్పైసర్ సంస్థను ఆశ్రయించింది. వారు స్టూడ్‌బేకర్ ఛాంపియన్ అనే కారు వెనుక ఇరుసును ఆధారంగా తీసుకుని, దానినే మార్చి ముందుకు కూడా అమర్చే ఉపాయం చేశారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనిక కేంద్రానికి నమూనా బండి చేరింది.

వెనుక ఇరుసుకు రెండే పనులు. బరువు మోయాలి, చక్రాన్ని తిప్పాలి. ముందు ఇరుసు ఆ రెండూ చేస్తూనే తాను తిప్పుతున్న చక్రాన్ని కుడికీ ఎడమకూ మళ్ళించుకోవాలి కూడా. అంటే ఇంజను బలం ఒక మడతపడే కీలు గుండా పోవాలి. మామూలు కీలును వంచి తిప్పితే అటువైపు కడ్డీ ఒకే వేగంతో తిరగదు. ఒక్కొక్క చుట్టులో రెండుసార్లు పరుగెత్తి, రెండుసార్లు వెనుకబడుతుంది. మలుపులో చేతిచక్రం పట్టుకున్నవాని మణికట్టుకు ఆ పోటు తగులుతుంది. అందువలన ఉక్కు గుండ్లను గాడులలో ఇమిడ్చి, ఎంత వంగినా సమవేగంతో తిరిగే కీళ్ళను వాడవలసి వచ్చింది. ఆ కీలునూ, దానిలోని జిడ్డునూ కాపాడటానికి ఇరుసు చివర ఒక బోలు ఉక్కు గోళం, ఆ గోళం మీద టోపీ వలె తిరిగే ఒక పోత ఇనుప డొల్ల. మనిషి తుంటి కీలును పోలిన నిర్మాణం అది. అరిగినప్పుడు పెట్టే బాధ కూడా అటువంటిదే.

విల్లీస్ జీపు స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలోనే బొంబాయికి చేరి, మహీంద్రా వారి చేతులలో స్వదేశీ అయింది. అడవి శాఖవారు, పోలీసులు, తేయాకు తోటల దొరలు, ఎన్నికల ప్రచారకులు దానిని ఎట్లా వాడుకున్నారో చెప్పనవసరం లేదు. వాళ్ళందరి చేతులలో నలిగి, వేలంలో అమ్ముడుపోయి, చివరకు సామాన్య గృహస్థుల వాకిళ్ళకు చేరినవి ఎన్నో. డెహ్రాడూన్ నగరంలో ఒక లిచీచెట్టు కింద నిలిచి ఉన్న 1964 నాటి జీపు అట్టిది.

దాని యజమాని భారత సర్వేక్షణ శాఖలో ముప్పై నాలుగు సంవత్సరాలు పటాలు గీసి విశ్రాంతి తీసుకున్నవాడు. ఆయన దానిని 1987లో కొన్నది సరదాకు కాదు. ఆయన భార్య పుట్టిల్లు చక్రాతా దాటిన తరువాత ఒక కొండవాలున ఉన్నది. బస్సు దిగినచోటి నుంచి ఊరికి నాలుగు మైళ్ళు మట్టిదారి. వాన పడితే ఆ దారి జారుడుబల్ల. నాలుగు చక్రాలూ పట్టు బిగించి లాగితే తప్ప బండి కదలదు. ఆమె తల్లికి తొంబై దాటినవి. ఏడాదికి రెండు మూడుసార్లయినా ఆ ముసలమ్మను చూసి రావటం ఆ ఇంటి నియమం.

2017 అక్టోబరులో తిరుగు ప్రయాణంలో, సాహియా దాటి దిగుతుండగా ఎడమ చక్రం ఒక చిన్న గుంటలో పడి లేచింది. లేచిన చక్రం కుదుటపడలేదు. రెండు ముందు చక్రాలూ పూనకం వచ్చినట్లు అటూ ఇటూ ఊగటం మొదలుపెట్టినవి. చేతిచక్రం పిడికిళ్ళను విదిలించికొట్టింది. ఎడమవైపు లోయ. బండి పూర్తిగా ఆగిన తరువాతగాని ఆ ఊపు ఆగలేదు. ఆమె ఏమీ అనకుండా దిగి, చెంగు సర్దుకుని, నడవటం సాగించింది. మైలు దూరం నడిచి, వెనుకగా వచ్చిన బస్సెక్కి ఇల్లు చేరింది. రాత్రి అన్నం వడ్డిస్తూ, “ఇక ఆ బండి ఎక్కను,” అన్నది.

ఊళ్ళో ఒక మిస్త్రీ దీనికి సులభమైన వైద్యం చెప్పాడు. చేతిచక్రపు కడ్డీకి అడ్డంగా ఊపును మింగే నూనెగొట్టం ఒకటి బిగించాడు. నెల రోజులు బండి బుద్ధిగా నడిచింది. జ్వరం కొలిచే గాజుగొట్టాన్ని చల్లని నీళ్ళలో ముంచి జ్వరం తగ్గిందని చెప్పటం వంటిది ఈ చికిత్స. ఆ మిస్త్రీని తప్పుపట్టటానికి లేదు. అతని ముంగిట సాయంకాలానికి పోవలసిన బండ్లు ఇంకా ఆరు ఉంటవి. ఒక ఇరుసుకు రెండు మాసాలు ఇవ్వగల తీరిక ఏ దుకాణంలోనూ ఉండదు.

తీరిక ఉన్నది ఈయనకే. 2018 జనవరిలో సాలు దూలాల ముక్కలు పేర్చి, వాటి మీద బండి ముందు భాగాన్ని ఎత్తి నిలిపాడు. భార్య తమ్ముని కుమారుడు అదే ఇంట ఉండి పాలిటెక్నిక్‌లో చదువుకుంటున్నాడు, చేతిసాయం వాడిది. ఇరుసును కమాను పట్టీల నుంచి విడదీసి లిచీచెట్టు నీడలోకి ఈడ్చినప్పుడు చూడవచ్చిన ఇరుగుపొరుగువారు, దానిని పాత ఇనుముకు వేస్తే ఎంత వస్తుందో లెక్కలు కట్టారు.

పటాలు గీసినవాడు కాబట్టి ఆయన మొదట చేసినది విప్పటం కాదు, కొలవటం. ఇరుసు వంగినదేమోనని రెండు చివరల నుంచి దారపు గుండు వేలాడదీసి, నేలమీద గీతలు గీసి చూశాడు. వంగలేదు. తరువాత ఒక్కొక్క కీలూ విప్పుతూ, మూడు గడులు గీసిన పుస్తకంలో భాగం పేరు, ఉండవలసిన కొలత, ఉన్న కొలత వ్రాసుకుంటూ పోయాడు. నాలుగు రోజులకు రెండు పుటలు నిండినవి. మేనల్లుడు ఆ పుటలు చూసి నిరాశపడ్డాడు.

“మామయ్యా, ఇందులో ఏదీ పూర్తిగా పాడైనది లేదే! అన్నీ కొంచెం కొంచెమే.”

“అదేరా రోగం,” అన్నాడాయన.

ఇది వివరించి చెప్పవలసిన విషయం. ఆ గోళానికి పైన ఒకటి, కింద ఒకటి చొప్పున కింగ్ పిన్నులు ఉంటవి. చక్రం మళ్ళేది వాటి మీదనే. ఒక్కొక్క పిన్నుకూ కోసుగా ఉన్న రోలర్ల బేరింగు ఒకటి. తక్కిన బేరింగులు నిత్యం గుండ్రంగా తిరుగుతూ సమంగా అరుగుతవి. కింగ్ పిన్ను బేరింగుకు ఆ భాగ్యం లేదు. బండి బ్రతుకులో ఎక్కువ కాలం తిన్నని దారినే పోతుంది కాబట్టి రోలర్లు ఒకేచోట నిలిచి, ప్రతి గతుకుకూ సుత్తి వలె గిన్నెను కొడుతూ ఉంటవి. యాభై ఏళ్ళలో అక్కడ సన్నని సొట్టలు పడినవి. వేలికొనకు తగులుతవి గాని కంటికి అంతగా ఆనవు. ఆపైన పిన్నుల బిగువు తగ్గింది. చక్రపు బేరింగులలో వెంట్రుకవాసి వదులు. రెండు చక్రాలనూ చేతిచక్రానికి కలిపే మధ్య కీలు, దానినే బెల్ క్రాంక్ అంటారు, తన ఇరుసుమీద తానే ఊగుతున్నది. కడ్డీల కొనలు నాలుగూ సడలినవి. ఒక్కొక్క వదులును విడిగా చూస్తే క్షమించదగినదే. అన్నీ ఒకే దిక్కుకు కూడినప్పుడు, ఒక గుంట ఆ కూడికకు తొలి తోపు ఇచ్చినప్పుడు, సాహియా దిగువున జరిగినది జరుగుతుంది.

గోళం సంగతి వేరు. దాని మీద ఫెల్టు, రబ్బరు కలిసిన పట్టీ ఒకటి ఒరుసుకుంటూ బురదను బయటా జిడ్డును లోపలా ఉంచాలి. వాననీరు నిలిచినచోట గోళం మీద తుప్పు తిని మశూచి మచ్చల వలె గుంటలు పడినవి. ఆ గుంటల అంచులు కొత్త పట్టీని కూడా నెలలో కోసివేస్తవి. ఆయన గుంటలను లోహపు జిగురుతో పూడ్చి, ఆరిన తరువాత సన్నని గరుకుకాగితాన్ని కిరోసిన్‌లో తడిపి, పన్నెండు రోజులు చేతితోనే రుద్దాడు. యంత్రంతో రుద్దితే గోళం ఎక్కడో ఒకచోట బల్లపరుపు అవుతుందని ఆయన భయం. మధ్యాహ్నం భోజనమైన తరువాత ఆ గోళాన్ని రుద్దుతూ కూర్చున్న మనిషిని చూసి ఇల్లాలు ఒకసారి, “పెళ్ళినాటి వెండిచెంబుకు కూడా ఇంత సేవ జరగలేదు,” అన్నది. ఎడమ కొమ్ములోని నూనె సీలు చిరిగి, పళ్ళచక్రాల నూనె గోళంలోకీ, అక్కడినుంచి బ్రేకు పట్టీల మీదకూ ప్రాకిన సంగతి మాత్రం ఆయన ఆమెకు చెప్పలేదు. ఊపు ఒక్కటే కాదు, ఆ రోజు ఎడమ బ్రేకు కూడా సగమే పనిచేసినది.

బేరింగుల కొరకు ఢిల్లీలోని కాశ్మీరీ గేటు బజారుకు పోయాడు. ఒకే రంగు పెట్టెలో అసలుదీ ఉంటుంది, నకిలీదీ ఉంటుంది. ఈయన చేతిరుమాలులో కట్టుకుపోయిన పాత బేరింగును పక్కన పెట్టి, కొత్తదానిని వెర్నియరుతో కొలిచి, చెవి దగ్గర తిప్పి విని, నాలుగో దుకాణంలోగాని డబ్బు తీయలేదు. ఆ దుకాణదారు మొదట విసుక్కుని, తరువాత టీ తెప్పించాడు.

మేనల్లునికి ఒక కోరిక. “ఇంత విప్పాం గదా మామయ్యా, మధ్యలోని పళ్ళచక్రాలు కూడా విప్పి చూద్దాం.” ఎనిమిది పళ్ళ చిన్నచక్రం నలభైమూడు పళ్ళ పెద్దచక్రాన్ని తిప్పే జంట అది. ఆయన మూత తీసి, గడియారపు ముల్లున్న కొలసాధనంతో ఆ రెంటి మధ్య ఆటను నాలుగుచోట్ల చూసి, పళ్ళకు రంగు పూసి ఒరుపు ఎక్కడ పడుతున్నదో చూసి, మూత మూసివేశాడు. “అర్ధశతాబ్దం ఒకదాని మీద ఒకటి అరిగి కుదిరిన పళ్ళు. విడదీయటం మన చేతిలో ఉన్నది, మళ్ళీ అట్లాగే కలపటం మన చేతిలో లేదు.” కుర్రవాడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఇంటి పని చేసేవారిలో చాలామంది చెడేది ఇక్కడనే. చేయవలసినది వదలటం వలన కాదు, చేతికి అందినదంతా విప్పటం వలన.

కూర్పులో గడ్డు ఘట్టం కింగ్ పిన్నుల బిగువు. మూతల కింద పలుచని రేకుబిళ్ళలు ఉంటవి. అంగుళంలో వెయ్యోవంతులు మూడు మందం ఉన్నవి, ఐదువి, పదివి, ముప్పైవి. బిళ్ళ తీసిన కొద్దీ బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. తక్కువైతే ఊపు, ఎక్కువైతే మలుపు తిరిగిన చక్రం తనంతట తాను తిన్నగా రాదు. పైన తీసినంత కిందా తీయాలి, లేకుంటే గోళం నడిమికి రాదు. బిగువు తెలిసేది ఎట్లా? కడ్డీ తగిలించే రంధ్రానికి స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించి, డొల్లను మెల్లగా లాగి, అది కదులుతూ ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో చదవాలి. కదలిక మొదలయ్యే క్షణాన చూపే లెక్క పనికిరాదు. ఆ త్రాసును పాత కాగితాలు కొనేవాని వద్ద అరువు తెచ్చి, ముందుగా కిలో పటికబెల్లం తూచి దాని నిజాయితీని పరీక్షించాడు. కుడివైపు మూడోసారికి కుదిరింది. ఎడమవైపు పదకొండుసార్లు విప్పి బిగించవలసి వచ్చింది. పదకొండోసారి మేనల్లుడే లాగాడు, వాడే చదివాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, మళ్ళీ లాగమన్నాడు.

ఆ సాయంకాలమే ఆమె మెట్ల మీద కూర్చుని అడిగింది. “ఊళ్ళో చేయిస్తే, తప్పు జరిగిందని పోయి అడగటానికి ఒక మనిషి ఉంటాడు. దీనికి ఎవరిని అడగాలి?”

“నన్నే అడగాలి.”

“అదే నా భయం. మీరు చేసినదానిని నేను అడగలేను.”

ఆయనకు సమాధానం దొరకలేదు. మరునాడు ఆయన మూడుగడుల పుస్తకంలో నాలుగో గడి గీశాడు. కూర్చిన ప్రతి భాగానికీ ఎదురుగా కొత్త కొలత వ్రాసి, మేనల్లుని చేత మళ్ళీ కొలిపించి, వాని చేత పొడి అక్షరాలు పెట్టించాడు. రెండు కొలతలు కలియని చోట్ల తిరిగి విప్పాడు. అట్టివి ఐదు తేలినవి. పుస్తకాన్ని వంటింటి అలమారలో ఉప్పుడబ్బా పక్కన పెట్టాడు. ఆమె చదివిందో లేదో ఎవరూ అడగలేదు.

ఇరుసు మళ్ళీ బండి కిందికి చేరిన తరువాత కోణాల లెక్క. చక్రం తల బయటికి ఒకటిన్నర డిగ్రీ వాలి ఉండాలి. ఇది గోళంలోనే పుట్టుకతో ఉన్న వాలు. కింగ్ పిన్ను తల లోపలికి ఏడున్నర డిగ్రీలు, వెనుకకు మూడు డిగ్రీలు. సైకిలు ముందుచక్రం వదిలినా తిన్నగా పోవటానికి తోడ్పడేవాటిలో ఇటువంటి వెనుకవాలు ఒకటి. ఎడమ కమాను కుంగినందువలన ఆ వైపు వాలు తక్కువైంది. కమానుకూ ఇరుసుకూ మధ్య సన్నని ఉక్కు చీలిక వేసి సరిచేశాడు. చక్రాల ముందంచులు వెనుక అంచులకంటె కొద్దిగా దగ్గరగా ఉండాలి. ఎంత అంటే అంగుళంలో అరవైనాల్గోవంతులు మూడు మొదలు ఆరు వరకు. దీనికి టైరు మీద సుద్దగీత, రెండు వెదురు బద్దలు చాలినవి.

ఏప్రిల్‌లో ఆయన ఒంటరిగా ఐదుసార్లు బండి నడిపాడు. గుంటలను వెదికి మరీ ఎక్కించాడు. ఆరోసారి ఆమె వచ్చింది. సంచిలో తల్లికి మందులు, ఒక కొత్త శాలువ. వెనుక సీటులో మేనల్లుడు.

అశోకుని శిలాశాసనం ఉన్న కాల్సీ వరకు దారి దాదాపు బల్లపరుపు. బ్రేకు అంతగా తొక్కవలసిన పని లేదు. కాబట్టి అక్కడ చక్రపు నడిమి భాగం వేడెక్కి ఉంటే ఆ వేడి బేరింగుదే అవుతుంది. కొండ ఎక్కబోయే ముందు ఆయన బండి ఆపి దిగి ఎడమ చక్రం మీద అరచెయ్యి ఆనించాడు. తరువాత కుడిదాని మీద. ఆమె కూడా దిగి వచ్చింది. ఆయనను పక్కకు జరగమని, ఎడమదాని మీద చెయ్యి ఆనించి, మనసులో ఏదో లెక్కపెట్టుకున్నట్లు నిలబడి, చుట్టూ తిరిగి వచ్చి కుడిదాని మీద ఆనించింది.

“ఇది కొంచెం వెచ్చగా ఉన్నది,” అన్నది.

ఆయన మళ్ళీ ముట్టి చూశాడు. నిజమే. సంచిలోనుంచి పెద్ద పానా తీసి, మేనల్లుని జాకీ తెమ్మని, రోడ్డు పక్కన గోనెపట్టా పరిచాడు. లోపలి నట్టును ఆరోవంతు చుట్టు వదలాలి. ఆమె మర్రిచెట్టు కింద రాతి మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చిన పూరీల పొట్లం విప్పింది.