కొత్త కూన, పాత పిల్లి

మా అబ్బాయి పోరు పడలేక మావారు పోయిన సంక్రాంతికి రెండు నెలల కుక్కపిల్లను తెచ్చారు. ఇంట్లో అప్పటికే తొమ్మిదేళ్ల పిల్లి గౌరి ఉంది. కాలం చేసిన మా అత్తగారు పెరుగన్నం పెట్టి పెంచిన పిల్లి అది.

"రెండూ కలిసి ఆడుకుంటాయిలే" అని నేనే కూనను తీసుకెళ్లి గౌరి ముందు వదిలాను. అదే నేను చేసిన పొరపాటు. కూన సంబరంగా మీదికి దూకింది. గౌరి దాని ముక్కు మీద ఒక్కటిచ్చి, గోడ దూకి పోయింది. రెండు రాత్రులు ఇంటికి రాలేదు. పెరట్లో గిన్నె పట్టుకుని పిలుస్తుంటే, పైనున్న అత్తగారికి ఏం జవాబు చెప్పాలా అని ఏడుపొచ్చింది.

మూడోనాడు వచ్చింది. ఈసారి పశువుల డాక్టరుగారిని అడిగి చేశాను. వారం రోజులు వేరు వేరు గదులు. కూన పడుకున్న గుడ్డ గౌరి దగ్గర, గౌరి గుడ్డ కూన దగ్గర వేశాను. ముందు వాసన అలవాటు కావాలట. తర్వాత కూనకు గొలుసు వేసి, దూరం నుంచి రోజూ పది నిమిషాలు చూపించాను. గౌరి ఎక్కి కూర్చోవడానికి బీరువా పైన గోనెపట్టా పరిచాను. అన్నం గిన్నెలు వేరు. ముందు గౌరికే పెట్టేదాన్ని. కూనకు నట్టల మందు, టీకాలు కూడా వేయించాం.

నెల పట్టింది. ఇప్పటికీ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవు. కానీ ఒకే వరండాలో చెరో మూల పడుకుంటాయి. ఇంటికి కొత్త కోడలు వచ్చినా అంతే కదండీ! పాతవాళ్ల చోటు పాతవాళ్లకు ఉంచితే, కొత్తవాళ్లకూ చోటు దొరుకుతుంది.