జ్ఞానదంతం – ఓర్పునకు హద్దు

32 దంతాలలో చిట్టచివర వచ్చేది జ్ఞానదంతం. ఉర్దూలో దీనినే అఖల్ దాఢ్ అంటారు. అరబ్బీలోను, లాటిన్‌లోను దీని పేరుకు అర్థం ఇదే. సాధారణంగా 17, 25 ఏండ్ల మధ్య, అనగా మన కళాశాల విద్యార్థుల ప్రాయంలోనే మొలుస్తుంది గనుక, బుద్ధి వికసించే వయసులో వచ్చే దంతమని ఇన్ని భాషలవారు ఒకే విధంగా తలచారు. పేరు ఘనమైనదే గాని, దీని రాకడ అందరికీ సుఖం కాదు. దవడలో చోటు చాలనప్పుడు ఇది అడ్డంగా తిరిగి ముందు పంటిని తోస్తుంది. లేదా సగం మొలిచి, సగం చిగురు క్రిందనే నిలిచిపోతుంది. ఆ సందున ఆహారం చేరి వాపు, చీము కలుగుతాయి.

జ్ఞానదంతాలన్నిటినీ తీయవలసిన పనిలేదు. నిటారుగా మొలిచి, శుభ్రపరచుకోవడానికి వీలున్నదానిని ఉంచుకోవచ్చు. పదే పదే వాచేది, పుచ్చినది, ప్రక్క పంటిని చెరిచేది తీయవలసి వస్తుంది. మా కుడి దవడ క్రింది దంతం ఈ రెండవ తరగతికి చెందినది. ముప్పై దాటిన తరువాత అది మమ్మల్ని ఒకే ఏడాదిలో మూడుసార్లు మంచం పట్టించింది. కడకు కలకడ నుండి మదనపల్లె వెళ్లి, ఎక్స్‌రే తీయించుకొని, దంతవైద్యుని ఎదుట నోరు తెరిచాము.

వేయి సంవత్సరాల క్రిందట కొర్డోబా సమీపాన నివసించిన వైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన ‘అల్ తస్రీఫ్’ గ్రంథంలో, పన్ను తీయడానికి ముందు బాధిస్తున్నది ఏ పన్నో రూఢి చేసుకోవలెనని హెచ్చరించాడు. నొప్పి రోగిని ఏమార్చగలదని ఆయన ఎరుగును. నేడు ఆ సందేహాన్ని చాలవరకు ఎక్స్‌రే తీరుస్తున్నది. మన దేశంలో మొట్టమొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించారు. నాడు మహానగరానికే పరిమితమైన ఆ విద్య నేడు మన వంటి పల్లెలకు బస్సు ప్రయాణమంత దూరంలో లభిస్తున్నది. దానిని సకాలంలో వినియోగించుకోవడమే మన వంతు.

మత్తుసూది వేసి, చిగురు చీల్చి, దంతాన్ని రెండు ముక్కలు చేసి తీసి, కుట్లు వేశారు. ఆపైన డాక్టరుగారు ఒక మాట అన్నారు: “పన్ను తీయడం నా పని సార్, గడ్డను కాపాడుకోవడం మీ పని.” పన్ను పోయిన గుంటలో నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డయే లోపలి ఎముకకు కప్పు, కొత్త కండకు పునాది. ఆ తరువాత ఆయన చెప్పిన నియమాలన్నీ ఈ ఒక్క గడ్డ కోసమే. అరగంటకు పైగా గాజుగుడ్డను పంటితో నొక్కి ఉంచాలి. 24 గంటలు నోరు పుక్కిలించరాదు, బలంగా ఉమ్మరాదు, గొట్టంతో ఏదీ పీల్చరాదు. బీడీ, సిగరెట్టు, పొగాకు కలిపిన తాంబూలం దరిచేరనీయరాదు. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటిని నోట నింపి మెల్లగా విడవాలి. మొదటి రోజు బుగ్గపై గుడ్డలో చుట్టిన ఐసు ఉంచాలి. మధుమేహం ఉన్నవారు, నెత్తురు పలుచబరచే మాత్రలు వాడేవారు ఆ సంగతిని ముందే వైద్యునికి చెప్పాలి.

ఈ నియమాలన్నీ పాటించాము. సంగటికి, చెనిక్కాయల ఊరుబిండికి అలవాటుపడిన మా నోరు చల్లార్చిన రాగిజావతోను, మెత్తని పెరుగన్నంతోను తృప్తిపడింది. మొదటి రాత్రి ఉమ్మి కాస్త ఎర్రబారింది. రెండవ, మూడవ నాళ్లలో బుగ్గ పొంగింది. ఇవన్నీ సహజమేనని ముందుగానే విని ఉన్నందున కలత చెందలేదు. మూడవ నాటి సాయంత్రానికి నొప్పి కూడా తగ్గుముఖం పట్టింది.

నాల్గవ నాటి తెల్లవారుజామున అది తిరిగి వచ్చింది. గుంటలో మొదలై చెవి దాకా పాకింది. నోట దుర్వాసన, చేదు. మాత్ర వేసుకున్నా లొంగలేదు. మా అమ్మ తల నిమిరి, “సబర్ కర్ బేటా, పన్ను పెరికినాక నొప్పి ఉండదా?” అన్నది. పొరుగింటి పెద్దాయన, “రవంత పొగాకు అదిమిపెట్టండి సార్, గమ్మున తగ్గిపోతాది” అన్నాడు. ఇద్దరిదీ ప్రేమయే. అయినను మేము మొదటి బస్సెక్కాము.

గడ్డ తొలగిపోయి ఎముక బయటపడిందని డాక్టరుగారు చూడగానే చెప్పారు. 1896లో అమెరికాలో క్రాఫర్డ్ అనే దంతవైద్యుడు వర్ణించిన ఈ స్థితిని డ్రై సాకెట్ అంటారు. పొగ త్రాగేవారికి ఎక్కువగా వచ్చినా, జాగ్రత్తగా ఉన్నవారికీ, ముఖ్యంగా క్రింది జ్ఞానదంతం తీయించుకున్నవారికి రావచ్చునట. గుంటను కడిగి, లవంగ నూనెలోని సారంతో చేసిన మందు కూర్చారు. గంటలోపలే నొప్పి చల్లబడింది. మరి రెండుసార్లు మందు మార్పించుకున్నాము.

సబర్ ఉత్తమగుణమే. మా ప్రాంతంలో అది తరచు గుణం కాదు, నిర్బంధం. టమోటా మండీలో గంపలు మోసే మనిషికి ఆసుపత్రి అంటే ఒకనాటి కూలి పోవడం, పైగా బస్సు చార్జీ. అందువలన అతడు ఓర్చుకుంటాడు. ఓర్చుకోవడమే మంచిదని ఇంటివారూ అంటారు. అయితే మానుతున్న పుండు నొప్పికి, ముదురుతున్న పుండు నొప్పికి భేదమున్నది. మూడవ నాడు దాటిన తరువాత ప్రతిదినం ముందుదినం కంటె సుఖంగా ఉండాలి. అట్లు ఉన్నంతవరకు ఓర్పు వహించవచ్చు. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగితే, మూడు దినాల పిదప వాపు హెచ్చితే, జ్వరం, చీము కనిపిస్తే, నోరు తెరవడం నానాటికి కష్టమైతే, పెదవికో నాలుకకో తిమ్మిరి వదలకుంటే వైద్యుని వద్దకు తిరిగి వెళ్లాలి. అరగంట గట్టిగా నొక్కినా నెత్తురు ఆగకుంటే వెంటనే చికిత్స కావాలి. దవడ క్రింద, మెడలో వాపు దిగి మ్రింగడమో ఊపిరి తీయడమో కష్టమైతే తెల్లవారేదాకా ఆగరాదు. 108కి ఫోను చేయాలి. ఆ వాపు శ్వాసమార్గాన్ని మూసివేయగలదు, ప్రాణమే పోగలదు.

విద్యార్థులారా, ఈ దంతం మొలిచే వయసు మీదే. ఇంటికి దూరంగా వసతిగృహంలో ఉండేవారు అర్ధరాత్రి నొప్పితో మూలుగుతూ, ఎవరినీ లేపడం మర్యాద కాదని తలచవద్దు. వార్డెనుగారిని లేపండి, ఆయన లేకుంటే మమ్మల్ని లేపండి.