ఆకలి నాది



పాతబస్తీలో ఉండేవారికి రొట్టె విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దున్నే మా ఉప్పుగూడ నుంచి లాల్‌దర్వాజా, శాలిబండ మీదుగా చార్మినార్ వైపు వెళితే, తందూరులోంచి అప్పుడే తీసిన నాన్ వాసన మనిషిని నిలబెట్టేస్తుంది. నాలుగు మూలల ఆ నాన్‌ను కాగితంలో చుట్టించుకుని, చల్లారకముందే ఇల్లు చేరాలని జనం గబగబా నడుస్తారు. ముప్పై ఏళ్లుగా ఈ దారిన తిరుగుతున్నాను. ప్రతి ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తున్నాను. అయితే ఆ రొట్టె కోసం నేను ఎన్నడైనా అంత గబగబా నడిచానా అన్న ప్రశ్న 2020 వరకు నాకు తట్టనే లేదు.

ఆ ఏడాది మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. గుడి తలుపులు మూతపడ్డాయి. మార్చి 27న ఫ్రాన్సిస్ పాపుగారు వానలో తడిసిన ఖాళీ ఆవరణ ఎదుట దివ్యసత్ప్రసాదంతో లోకాన్ని ఆశీర్వదించడం ఫోనులో చూశాం. మ్రానికొమ్మల ఆదివారం, పవిత్ర శుక్రవారం, ఏప్రిల్ 12న పాస్కా పండుగ, అన్నీ ఆ చిన్న తెర మీదే గడిచిపోయాయి.

నిజం చెప్పాలంటే మొదటి రెండు వారాలు నాకు హాయిగానే ఉంది. ఇస్త్రీ చీర కట్టుకునే పని లేదు. ఒక చేత్తో కూర కలుపుతూనే పూజ చూడవచ్చు. నా సంగతి నాకు తెలియజెప్పింది మా అమ్మ.

అమ్మకు అప్పటికి 78 ఏళ్లు. షుగరు మనిషి. ఫిరంగిపురం దగ్గర పల్లెలో పుట్టి పెరిగింది. ఆమెకు పూజ లేని ఆదివారం అన్నం లేని రోజుతో సమానం. ఒక ఆదివారం ఫోనును స్టీలు డబ్బాకు ఆనించి ఆమె ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి సత్ప్రసాద సమయం. అమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని, ఎడమ అరచేతి కింద కుడిచేయి ఉంచి, రెండు చేతులూ ఆ తెర వైపు చాచి ఉంది. “అమ్మా, అది ఫోను” అన్నాను నవ్వుతూ. చేతులు వెనక్కి తీసుకోకుండానే “నాకు తెలుసులేవే” అంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

గుడికి రాలేనివారు ప్రభువును మనసులో ఆశించి ఆహ్వానించడాన్ని తిరుసభ ఆధ్యాత్మిక సత్ప్రసాద స్వీకరణ అంటుంది. పునీత అల్ఫోన్సు లిగోరి అందుకోసం ఒక ప్రార్థన కూడా వ్రాశారు. ఆ ప్రార్థన నేను ఎన్నోసార్లు చదివాను. దాని అర్థం మాత్రం ఆ ముడతలు పడ్డ చేతుల్లో ఆరోజు చూశాను.

ఏప్రిల్ 25న రంజాన్ నెల మొదలైంది. ఎప్పుడూ వేలమందితో నిండే మక్కా మసీదు బోసిపోయింది. శాలిబండలో హలీం బట్టీలు వెలగలేదు. పక్కింటి ఖాలా ఇంట్లోనే నమాజు చేసుకుని, సాయంత్రం గోడ మీదుగా ఖర్జూరాలు అందించేది. “మీ మసీదు మూత, మా గుడీ మూత. ఏం చేస్తాం ఖాలా?” అన్నాను ఒకరోజు. ఆమె “ఆకలి చెడ్డది కాదు బేటీ. ఎవరి కోసం ఆకలితో ఉన్నామో మరవకూడదు, అంతే” అంది.

ఆ రోజుల్లో నిజమైన కడుపాకలి కూడా మా గల్లీ చివరే ఉండేది. ఆహార భద్రతా కార్డు ఉన్నవారికి ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని కూలీలు ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? అమ్మ తన పెన్షన్ డబ్బుతో బియ్యం కొనిపించి పంచింది. కొరింతులో ఉన్నవారు ముందే తిని, లేనివారిని ఆకలితో వదిలేసినప్పుడు అది ప్రభువు భోజనమే కాదని పౌలుగారు గద్దించారు కదా! అమ్మ లేఖలు పెద్దగా చదువుకోలేదు గాని, ఈ మాట ఆమెకు తెలుసు.

జూన్ 8 నుంచి ప్రార్థనాలయాలు తెరవవచ్చన్నారు. అయితే 65 ఏళ్లు దాటినవారు ఇంట్లోనే ఉండాలన్నారు. అందుచేత ఆ నెలాఖరులో ఫాదర్‌గారే మా ఇంటికి వస్తానని కబురు చేశారు. ఆ రోజు అమ్మ పొద్దున్న టిఫిను ముట్టలేదు. రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగలేదట! “షుగరు పడిపోతుందమ్మా!” అని కోప్పడ్డాను. అమ్మ చిన్నతనంలో అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకుండా ఉండాలన్నది నియమం. 1953లో నీళ్లకు అనుమతి వచ్చింది. ఉపవాసం 1957లో మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గింది. వృద్ధులకు, రోగులకు ఆ గంట కూడా అక్కరలేదు. ఇదంతా చెప్పి, “గంట కూడా అక్కరలేదు నీకు” అన్నాను.

“నియమం వాళ్లది. ఆకలి నాది” అంది అమ్మ. బతిమాలగా బతిమాలగా సగం గ్లాసు పాలు తాగింది.

ఫాదర్‌గారు మాస్కుతో వచ్చారు. చిన్న డబ్బీలో రెండు అప్పాలు తెచ్చారు, ఒకటి అమ్మకు, ఒకటి నాకు. అప్పుడు అమ్మ నావైపు చూసింది. ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేదు. నాన్నగారి ఇంటి వాటా విషయంలో నా తమ్ముడికీ నాకూ నాలుగేళ్లుగా మాటలు లేవు. ఆ నాలుగేళ్లూ నేను ఒక్క ఆదివారం కూడా మానకుండా సత్ప్రసాదం తీసుకున్నాను! సోదరునితో సమాధానపడి వచ్చి కానుక అర్పించమని ప్రభువు చెప్పిన సంగతి ఎన్ని ప్రసంగాల్లో వినలేదు? అమ్మ చాచిన చేతులు చూశాక నా చేతులు చాచలేకపోయాను. “నాకు వద్దు ఫాదర్, ఈరోజు వద్దు” అన్నాను. ఆయన కారణం అడగలేదు. అమ్మ ఆ చిన్న అప్పాన్ని నోట్లో ఉంచుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది.

ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేశాను. “అక్కా” అన్నాడు. తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. చివరికి “అమ్మ అన్నం తిన్నదా?” అని అడిగాడు. వాటా సంగతి ఆ రోజు తేలలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కాని మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమ్మ ప్రభువు సన్నిధి చేరినప్పుడు, ఆమె ఆత్మశాంతి పూజలో మేమిద్దరం ఒకే వరుసలో, ఒకరి వెనుక ఒకరం నడిచి సత్ప్రసాదం స్వీకరించాం.

యూకరిస్తు అన్న గ్రీకు మాటకు కృతజ్ఞతాస్తుతి అని అర్థం. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. ఆ ఇంట పుట్టిన ప్రభువు ఐదు రొట్టెలతో ఐదువేలమందికి పెట్టాడు. కఫర్నాములో తానే జీవాహారమని చెప్పినప్పుడు మాత్రం ఆ మాట కఠినమని చాలామంది వెళ్లిపోయారు. ఆ రొట్టె ఒంటరిగా తినేది కాదు. దానిని పుచ్చుకున్నవాడు ఇతరుల కొరకు తానూ విరవబడాలి. అక్కడే మనకు కష్టం.

ప్రియ పాఠకులారా, వచ్చే ఆదివారం మీరు వరుసలో నిలబడినప్పుడు ఒక్క క్షణం ఆగి మిమ్మల్ని మీరు అడగండి: నాకు ఆకలిగా ఉందా? నా బల్ల దగ్గర లేనివారు ఎవరు? ఆ ఆకలిని, ఆ జ్ఞాపకాన్ని ప్రభువు మనకు అనుగ్రహించుగాక!