కోడిపిల్లకు చెదలు, చేపకు ఎర

శబరి ఒడ్డున బతికే కోయవాళ్ళం మేము. మా పిల్లలకు బడికన్నా ముందు పురుగులు తెలుస్తాయి. ఏది కోడిపిల్లకు మేత, ఏది చేపకు ఎర, ఏది ముట్టుకుంటే దద్దుర్లు లేస్తాయి అన్నది ఆరేడేళ్ళ పిల్లవాడు కూడా చెబుతాడు. దీన్ని ఎవరూ చదువు అనరు. పుస్తకంలో ఉండదు, పరీక్షలో రాదు. అందుకే రాస్తున్నాం.

ముందు కోడి సంగతి. మాకు కోడి అంటే కూర ఒక్కటే కాదు. భూమి పండుగకు కోడి కావాలి, కొత్తల పండుగకు కావాలి. ఇంటికి చుట్టం వస్తే కోయాలి. ఎవరికైనా జ్వరమొస్తే సంతలో అమ్మి ఆస్పత్రికి పోయేదీ ఆ డబ్బుతోనే. పొదిగిన పిల్లలు నిలవాలంటే మొదటి నెల గట్టిగా గడవాలి. నూకలు, చోళ్ళు కడుపు నింపుతాయి గానీ ఈక, కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. మా ఇళ్ళలో ఆ లోటు తీర్చేది చెదలు.

చెదలు తేవడమంటే పుట్టను కూల్చడం కాదు. గునపంతో ఒక పక్క పెళ్ళ తీసి కోళ్ళ ముందు విదిలిస్తాం. రాణి ఉండే లోపలి గది జోలికి పోం. కొన్ని రోజుల్లో చెదలు ఆ గోడ మళ్ళీ కట్టుకుంటాయి. ఇంకో పద్ధతి కూడా ఉంది. పాత కుండలో ఎండుపేడ, గడ్డి కుక్కి, నీళ్ళు చిలకరించి, సాయంత్రం చెదలు తిరిగే చోట బోర్లించాలి. తెల్లారేసరికి లోపల చెదలు పట్టి ఉంటాయి. ఎండెక్కకముందే తీయాలి, లేదంటే మట్టిలోకి దిగిపోతాయి. చెదలకు మందు కొట్టిన చోట మాత్రం కుండ పెట్టకూడదు. ఆ మందు చెదపురుగుతోపాటు కోడిపిల్ల కడుపులోకి పోతుంది.

చేప దగ్గర లెక్క వేరు. జెల్ల బురదనీటిలో, చీకట్లో వాసన పట్టుకుని తిరుగుతుంది. దానికి వానపాము మంచి ఎర. పరిగెకు నోరు చిన్నది. పొడుగు వానపాము గుచ్చితే తోక కొరుక్కుని పోతుంది కాబట్టి చిన్న ముక్క చాలు. కొర్రమేను కదిలేదాన్ని వేటాడుతుంది. దానికి చిన్న కప్పో, చిన్న చేపో కావాలి. తొలకరి పూట ఉసిళ్ళు లేచి నీటి మీద పడితే చేపలు పైకొచ్చి మింగుతాయి. ఆ సాయంత్రం ఉసిళ్ళే ఎర. గాలం వేసేవాడు నీటి రంగు, పొద్దు, చేప నోరు చూసుకున్నాకే ఎర వెతుక్కుంటాడు.

ఇప్పుడు కొందరికి ఆ ఓపిక లేదు. వాగులో బ్లీచింగ్ పౌడరో, పురుగుమందో కలిపి చేపలు ఏరుకుంటున్నారు. గాలానికి ఒకసారికి ఒక చేప పడుతుంది. మందు పోస్తే గుడ్డు, పిల్ల, పీత, కప్ప అన్నీ పోతాయి. ఆ నీళ్ళే కింద ఊరివాళ్ళు వాడుకుంటారు. ఎర గుచ్చడం మరిచిపోతే మనం పోగొట్టుకునేది ఒక ఆట కాదు, వాగును.

మరిచిపోవడానికి సిగ్గు కూడా ఒక కారణం. హాస్టల్లో ఎవరైనా ‘పురుగులు తినేవాళ్ళు’ అంటే మన పిల్లలు తల దించుకుంటారు. దించుకోనక్కర్లేదు. 2021లో యూరోపియన్ యూనియన్ ఎండబెట్టిన పిండిపురుగును మనుషుల ఆహారంగా అనుమతించింది. 2024లో ఒడిశాలోని సిమిలిపాల్ ఎర్రచీమల పచ్చడికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అది కూడా ఆదివాసుల వంటే.

ఆ పిండిపురుగునే ఇప్పుడు మన పట్టణాల్లో పెంపుడు పక్షులకు, చేపలకు మేతగా అమ్ముతున్నారు. మా చెదలు మాకున్నాయి కదా అని దాన్ని తోసెయ్యకూడదు. పోలవరం ముంపు వల్ల మావాళ్ళు కొందరు కాలనీలకు వెళ్ళారు. వరస ఇళ్ళ మధ్య పుట్ట ఎక్కడుంటుంది? కోళ్ళు మాత్రం వెంట వెళ్ళాయి. అలాంటి ఇంటికి ఈ పురుగు పనికొస్తుంది.

పెంచడం కష్టం కాదు. నున్నటి గోడలున్న టబ్బులో రెండు మూడంగుళాల మందం గోధుమ తవుడు పోసి, తడి కోసం బంగాళాదుంప ముక్కలు వెయ్యాలి. నీళ్ళు పోస్తే బూజు పడుతుంది. టబ్బు పెట్టిన బల్ల కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో ఉంచితే చీమలు రావు. పురుగు ఎదగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత ప్యూపాగా మారి, చివరికి నల్లటి పెంకుపురుగై మళ్ళీ గుడ్లు పెడుతుంది. పెంకుపురుగులు ధాన్యంలోకి చేరకుండా టబ్బు మీద పలచటి గుడ్డ కట్టాలి. ఎండిన పిండిపురుగులో దాదాపు సగం మాంసకృత్తులే. కాల్షియం మాత్రం తక్కువ. గుడ్లు పెట్టే కోడికి నత్తగుల్లల పొడి కూడా వెయ్యాలి. గాలానికి గుచ్చితే చిన్న చేపలు దీన్ని కూడా అందుకుంటాయి.

ఉపాధ్యాయులకు ఒక మాట. తరగతిలో ఒక డబ్బాలో తవుడు, పది పిండిపురుగులు ఉంచండి. గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్ద పురుగు అనే నాలుగు దశల పాఠాన్ని పిల్లలు కళ్ళతో చూస్తారు. పక్కనే చెదపుట్ట పెళ్ళ పెట్టండి. చెదలకు ప్యూపా దశ లేదు. ఎందుకు లేదో, వాటి పిల్లలు ఎలా ఉంటాయో వెతకమనండి. దీన్ని మీ ఇంట్లో ఏమంటారని అడిగి, కోయ పేరు, తెలుగు పేరు బోర్డు మీద పక్కపక్కన రాయండి. ఆ రోజు వెనక బెంచీ పిల్లవాడు ముందుకొచ్చి చెబుతాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తాతతో వాగుకు వెళ్ళండి, అవ్వతో పుట్టకు వెళ్ళండి. అడిగితే వాళ్ళు చెబుతారు. విన్నది నోటుపుస్తకంలో రాసుకోండి. ఎర గుచ్చడం మాత్రం చేత్తోనే నేర్చుకోండి.