కొసరు అడిగి ఎన్నాళ్ళయింది?

మీరు కొసరు అడిగి ఎన్నాళ్ళయిందండీ? కోప్పడకండి, ఊరికే అడిగాను. సూపర్‌మార్కెట్‌లో బండి తోసుకుంటూ తిరిగేవాళ్ళతో నాకు మాటల్లేవు. అక్కడ కరివేపాకుకి కూడా స్టిక్కరు అతికిస్తారు. నేనంటున్నది మన విశాఖ పూర్ణా మార్కెట్ సంగతి. బెండకాయల మొనలు విరుస్తుంటే చేతి మీద చిన్న దెబ్బేసి, "అన్నీ ఇరిసేత్తే నానెవులికి అమ్మాల?" అని కసురుతుంది చూడండి ఓ మామ్మ. కసిరాక తనే గుప్పెడు పచ్చిమిరపకాయలు మన సంచీలో పడేస్తుంది. ఆ తిట్టు కోసమే వెళ్ళేవాళ్ళున్నారు. నేనున్నాను.

ఇదంతా ఎందుకంటారా? వస్తున్నా. కబుర్లకి తొందరేటి!

ఈ మధ్య ఎవర్ని పలకరించినా డిప్రెషన్ అంటున్నారు. పక్కింటి కుర్రాడికి సెమిస్టర్ పోయింది, డిప్రెషన్. మా వదినగారి సీరియల్ అయిపోయింది, డిప్రెషన్. మొన్న వంకాయల ధర విని మీరూ అన్నారు, అనలేదా? మళ్ళీ మనమే, నెల్లాళ్ళుగా స్నానానికి కూడా లేవని మనిషిని చూసి "ఏదో దిగులు, అదే పోతుందిలే" అంటాం. ఎక్కడ వాడాలో అక్కడ వాడం, అదీ మన తెలివి.

దిగులు చూడాలంటే వేసవిలో చేపల వైపు రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, సరే. వంజరం కొండెక్కుతుంది, మనం ఎండుమెత్తళ్ళతో సరిపెట్టుకుంటాం. అమ్మే ఆవిడకి మాత్రం ఇల్లు గడవడమే గండం. అప్పిచ్చినవాణ్ణి తిడుతుంది, బోటు ఓనర్ని తిడుతుంది, ధర అడిగినందుకు నన్ను తిడుతుంది. నిషేధం నేను పెట్టానేటండీ?

కానీ అదే మనిషి, పక్క గంపలో తాటిముంజలు దిగాయంటే చాలు. బొటనవేలితో ఒకటి పొడిచి, నీళ్ళు గెడ్డం మీద కారుతుంటే పకపకా నవ్వుతుంది. రాత్రి అప్పు గుర్తొచ్చి ఏడుస్తుంది. పొద్దున్న మనవరాలి అల్లరి చెప్పి మళ్ళీ నవ్వుతుంది. సర్కారు భృతి చేతిలో పడితే కాస్త, బోట్లు మళ్ళీ సముద్రంలోకి కదిలితే ఇంకాస్త, దిగులు దిగిపోతుంది. దీనికి కావలసింది డబ్బు, చేపలు, నాలుగు మాటలు. మాత్ర కాదు.

ఊరంతా ఒకేసారి దిగులు పడ్డ రోజు కూడా ఉంది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను! చెట్లు కూలి, కరెంటు పోయి, పాలప్యాకెట్ కోసం క్యూ. అయినా ఎంత మాట్లాడుకున్నామండీ ఆ చీకట్లో! టీవీ లేదు, సెల్లు చచ్చింది. ఎదురింటివాళ్ళ పేర్లు నాకు అప్పుడే తెలిశాయి. ఎగిరిపోయిన రేకులు మళ్ళీ వేసుకునేసరికి చాలామందికి ఆ దిగులు పల్చబడింది. కొందరికి పల్చబడలేదు. అసలు మాట వాళ్ళ గురించే.

అది దిగులా, డిప్రెషన్ జబ్బా అని చూడ్డానికి డాక్టర్లు వాడే కాగితం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా ఉందీ అని తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. పదీ, ఆపైనా వస్తే డాక్టరు దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. అంతేగానీ కాగితమే తీర్పు కాదు. అందులో మొట్టమొదటి ప్రశ్న ఏమిటో చెప్పుకోండి? దిగులుగా ఉందా అని కాదు, అది రెండోది. మొదటిది, చేసే పనుల మీద ఆసక్తీ, వాటిలో సరదా తగ్గాయా అని! ఆ కాగితం రాసినవాళ్ళెవరోగానీ మార్కెట్‌కి వెళ్ళే బాపతే అయ్యుంటారు.

కరోనాలో రుచి పోయినప్పుడు ఆవకాయ మట్టిలా తగిలింది గుర్తుందా? జాడీలో ఆవకాయ తప్పేం లేదు. ఈ జబ్బులో రోజు రోజంతా అలా తగులుతుంది. ముంజ పెట్టండి, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టండి, లోపలికి వెళ్ళదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ. తిండి వద్దు, లేదా అదే పనిగా తిండి. పదడుగులు వేస్తే నీరసం. ఇంటివాళ్ళకి నేనే బరువన్న ఆలోచన. మనవాళ్ళు అది కూడా చెప్పరు, తలనొప్పనీ గ్యాసనీ చెప్పి బజార్లో ఉన్న పరీక్షలన్నీ చేయించుకుంటారు. కొందరైతే నలుగురిలో నవ్వుతూనే తిరుగుతారు. కాబట్టి గంప ఇవతల నిలబడి "నీకేం జబ్బు లేదు, నవ్వుతున్నావుగా" అని తేల్చేసే వైద్యం మానండి. మీకే చెబుతున్నా, వింటున్నారా?

"భర్త పోయాడు, దిగులు పడదా? కారణం ఉందిగా!" అంటారు మీరు. అంటారని తెలుసు. పోయినవాళ్ళ కోసం ఏడ్చే ఏడుపు అలలు అలలుగా వస్తుంది. మధ్యలో ఆయన చేసిన వెధవపని ఒకటి గుర్తొచ్చి నవ్వూ వస్తుంది. తన మీద తనకి అసహ్యం మాత్రం సాధారణంగా రాదు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో, ఆప్తులు పోయిన మొదటి రెండు నెలలూ చాలావరకు దీన్ని జబ్బు లెక్కలో వేయొద్దని ఓ మినహాయింపు ఉండేది. 2013లో తీసేశారు. ఇక ఏడ్చినవాళ్ళందరికీ మాత్రలేనా అని పెద్ద గొడవ. నా ఓటు తీసేసినవాళ్ళకే. దుఃఖంలో ఉన్నవాళ్ళకి జబ్బు రాకూడదని రూలుందా? ఏడవనివ్వండి. కానీ రెండు వారాలు దాటినా తిండీ నిద్రా లేక, పని సాగక, "నేనెందుకు" అంటుంటే కారణాల పంచాయితీ పెట్టకండి. చావు మాట వస్తే రెండు వారాలూ ఆగొద్దు, ఆ రోజే కదలండి.

ఎక్కడికంటారా? చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు దాటుతుంటే ఆటోలో మనం వేసుకునే చచ్చు జోకులు ఇకనైనా ఆపుదాం. దేశంలో పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిందని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. అంటే ఆటోలో మీ పక్కన కూర్చున్నవాళ్ళకే వచ్చుండొచ్చు. అంతదూరం వెళ్ళడానికి మొహమాటమైతే ఫోన్లో మాట్లాడడానికి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలెట్టారు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా అక్కర్లేదు. మీ గురించి కాకపోయినా, మీవాళ్ళ గురించైనా అడగొచ్చు. నాకు చెప్పుకుంటానంటే చెప్పుకోండి, వింటాను. కాకపోతే వాళ్ళలా ఓపిగ్గా వినను. మధ్యలో ఉల్లిపాయల ధర ఎత్తుతాను.